రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్: గడ్డ తీస్తే సరిపోతుందా, రొమ్మంతా తీయాలా?

ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలిన రోజే చాలా ఇళ్లలో ఆపరేషన్ సంగతి కూడా తేల్చేస్తారు. "మొత్తం తీసేయండి సార్, పీడ వదిలిపోతుంది" అని డాక్టర్ నోరు విప్పకముందే ఇంట్లోవాళ్లు అనేస్తారు. అసలు గందరగోళం ఆ తర్వాత మొదలవుతుంది. కర్నూల్లో చూపిస్తే రొమ్ము తీసేద్దాం అంటారు, హైదరాబాద్‌లో ఇంకో డాక్టర్ గడ్డ వరకు తీస్తే చాలంటారు, బెంగళూరులో మూడో డాక్టర్ ఇప్పుడే ఆపరేషన్ వద్దు, ముందు కీమో పెడదాం అంటారు. ముగ్గురిలో ఇద్దరు డబ్బుల కోసం చెబుతున్నారని చుట్టాలు తీర్మానించేస్తారు. కానీ ముగ్గురి మాటా సరైనదే అయ్యే అవకాశం ఉంది, ఎందుకంటే ఒక్కొక్కరు ఒక్కో రిపోర్టు చేతిలో పెట్టుకుని, ఒక్కో సౌకర్యం దృష్టిలో పెట్టుకుని మాట్లాడి ఉంటారు.

ఇది ఎక్కడో ఒకరికి వచ్చే సమస్య కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం అంచనా ప్రకారం 2022లో మన దేశంలో దాదాపు 1.92 లక్షల మంది ఆడవాళ్లకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడింది. ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో ఇదే మొదటిది.

క్లుప్తంగా: తొలి దశలో గడ్డ మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్మంతా తీసినా ఆయుష్షులో తేడా లేదు. కాబట్టి ఈ రెండింటిలో ఏది అన్నది ప్రాణం గురించిన ప్రశ్న కన్నా రేడియేషన్ గురించిన ప్రశ్న. దానికంటే ముందు తేలాల్సింది ఆపరేషన్ ముందా, కీమో ముందా అన్నది. చంకలో ఎంత తీస్తారన్నది ఎవరూ అడగరు గానీ, తర్వాత రోజువారీ బతుకుపై ఎక్కువ ప్రభావం చూపేది అదే.

ఎక్కువ కోస్తే ఎక్కువ భద్రమా?

ఈ నమ్మకం జనం పుట్టించింది కాదు, డాక్టర్లే పుట్టించారు. 19వ శతాబ్దం చివర్లో విలియం హాల్‌స్టెడ్ అనే అమెరికన్ సర్జన్ రొమ్ముతో పాటు దాని కింద ఉన్న ఛాతీ కండరాలనూ, చంకలోని లింఫ్ గ్రంథులనూ (ఒంట్లోని నీటిని వడకట్టే చిన్న గ్రంథులు) కలిపి తీసేసే ఆపరేషన్‌ను ప్రచారంలోకి తెచ్చాడు. క్యాన్సర్ రొమ్ములో పుట్టి, చుట్టుపక్కలకు వరసగా పాకి, చంక దాటాకే మిగతా ఒంట్లోకి వెళ్తుందని ఆయన లెక్క. ఆ లెక్క నిజమైతే ఎంత వెడల్పుగా కోస్తే అంత మంచిది. దాదాపు డెబ్బై ఎనభై ఏళ్లు ప్రపంచమంతా ఇదే నడిచింది.

బెర్నార్డ్ ఫిషర్ అనే మరో అమెరికన్ సర్జన్ దీన్ని తిరగేశాడు. క్యాన్సర్ కణాలు చంక దాకా ఆగాలని ఏమీ లేదు, రక్తం ద్వారా మొదట్లోనే బయటికి వెళ్లిపోవచ్చు, అలా వెళ్లిపోతే రొమ్ము దగ్గర ఎంత కోసినా వాటిని పట్టుకోలేం, వెళ్లకపోతే అంత కోయాల్సిన అవసరమే లేదు అన్నాడు. వాదనలతో ఇది తేలలేదు, ట్రయల్స్‌తో, అంటే రోగులను గుంపులు చేసి వైద్యాలను పోల్చి చూసే పరీక్షలతో తేలింది. ఇటలీలోని మిలాన్‌లో ఉంబెర్టో వెరొనేసి 1973లో మొదలుపెట్టిన ట్రయల్‌లో 2 సెంటీమీటర్లు మించని గడ్డలున్న 701 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు హాల్‌స్టెడ్ పద్ధతిలో మొత్తం తీశారు, ఇంకో గుంపుకు గడ్డ ఉన్న భాగం తీసి రేడియేషన్ ఇచ్చారు. 2002లో వచ్చిన ఇరవై ఏళ్ల ఫలితాల్లో, అన్ని కారణాలూ కలిపి చనిపోయినవాళ్లు మొదటి గుంపులో 41.2 శాతం, రెండో గుంపులో 41.7 శాతం. అంటే తేడా లేనట్టే. 4 సెంటీమీటర్ల వరకు గడ్డలున్న 1,851 మందిపై ఫిషర్ చేసిన ట్రయల్ ఇరవై ఏళ్ల ఫలితాలు కూడా అదే ఏడాది వచ్చాయి, అవీ ఇదే చెప్పాయి.

మరి మొత్తం తీయడమే భద్రం అనిపించడానికి ఆధారమే లేదా అంటే, కొంచెం ఉంది. అదే చోట మళ్లీ గడ్డ రావడం మిలాన్ ట్రయల్‌లో మొత్తం తీసినవాళ్లలో 2.3 శాతం, గడ్డ వరకు తీసినవాళ్లలో 8.8 శాతం. ఈ తేడా నిజమే. అయితే అలా తిరిగి వచ్చినదాన్ని పట్టుకుని మళ్లీ వైద్యం చేయొచ్చు కాబట్టి మరణాల లెక్కలో అది పెద్దగా కనబడలేదు. ఇంకో మాట, రొమ్మంతా తీసినా మళ్లీ రావడం సున్నా కాలేదు, ఛాతీ గోడ మీద, మచ్చ దగ్గర రావచ్చు. "మూలమే లేకుండా చేశాం" అనే ధీమాతో చెకప్‌లు మానేసేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది.

తేల్చేది రేడియేషన్, అంటే దూరం

గడ్డ వరకు తీసే ఆపరేషన్ ఒంటరిగా పనిచేయదు. చుట్టూ బాగున్న కండతో కలిపి గడ్డ తీసినా, కంటికి కనబడని కణాలు మిగతా రొమ్ములో ఉండిపోవచ్చు. వాటిని చంపే పని రేడియేషన్‌ది, మన దగ్గర చాలామంది కరెంటు పెట్టడం అనేది దీన్నే. ఫిషర్ ట్రయల్‌లో గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్లలో ఇరవై ఏళ్లలో అదే రొమ్ములో మళ్లీ వచ్చింది 14.3 శాతం మందికి, ఇవ్వనివాళ్లలో 39.2 శాతం మందికి. కాబట్టి గడ్డ వరకే తీయించుకుని రేడియేషన్ ఎగ్గొట్టడం అన్నిటికన్నా చెడ్డ దారి. జరుగుతున్నది కూడా చాలాసార్లు అదే, కుట్లు మానాయి, నొప్పి లేదు, ఇంక అంత దూరం రోజూ ఎవరు తిరుగుతారు అని వదిలేస్తారు.

ఇక్కడే కర్నూలు, అనంతపురం, కడప ఊళ్ల లెక్క హైదరాబాద్ లెక్కతో కలవదు. రేడియేషన్ ఒక సిట్టింగ్‌కు పట్టేది కొద్ది నిమిషాలే, కానీ వారానికి అయిదు రోజులు, వరసగా కొన్ని వారాలు వెళ్లాలి. ఆదోని నుంచో, కళ్యాణదుర్గం నుంచో, జమ్మలమడుగు నుంచో ఒక మనిషి తోడుతో రోజూ యంత్రం ఉన్న ఊరికి వెళ్లి రావాలి, లేదా అక్కడే గది తీసుకుని ఉండాలి. కర్నూలు నుంచి హైదరాబాద్, అనంతపురం నుంచి బెంగళూరు రెండూ 200 కిలోమీటర్ల పైమాటే, కడపవాళ్లకు తిరుపతి కొంచెం దగ్గర. కర్నూల్లో ఇప్పుడు స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఉంది. తోడు వచ్చే మనిషి కూలి, పిల్లల బడి, ఇంట్లో గేదెలు, ఇవేవీ మెడికల్ పుస్తకంలో ఉండవు గానీ ఏ ఆపరేషన్ జరుగుతుందో చాలావరకు ఇవే నిర్ణయిస్తాయి.

అయితే ఈ దూరం లెక్క పాత సమాచారంతో వేస్తున్నవాళ్లే ఎక్కువ. ఒకప్పుడు అయిదారు వారాలు, పాతిక సిట్టింగ్‌లు ఉండేవి. బ్రిటన్‌లో జరిగిన పెద్ద ట్రయల్స్ తర్వాత రోజు డోసు కొంచెం పెంచి 15 సిట్టింగ్‌లలో, అంటే మూడు వారాల్లో ముగించడం ఇప్పుడు మామూలైంది. కొందరికి గడ్డ ఉన్న చోట అదనపు డోసు కోసం ఇంకొన్ని రోజులు పడుతుంది. 2020లో అక్కడే వచ్చిన మరో ట్రయల్ ఫలితాలతో, తగిన రోగులకు ఒకే వారంలో 5 సిట్టింగ్‌లతో సరిపెట్టే పద్ధతి కూడా వచ్చింది. అన్నిచోట్లా ఇవ్వరు, అందరికీ పనికిరాదు, కానీ "రెండు నెలలు అక్కడే పడుండాలంట" అనే భయంతో రొమ్ము తీయించుకునే ముందు ఎన్ని సిట్టింగ్‌లు అని ఒక్క ప్రశ్న అడగడం అవసరం.

రెండో పొరపాటు లెక్క ఇంకా ఖరీదైనది. రొమ్మంతా తీయించేసుకుంటే కరెంటు తప్పుతుందనుకుంటారు. తప్పుతుందన్న గ్యారంటీ లేదు. గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, చర్మానికో ఛాతీ గోడకో పట్టినా, చంకలో 4 లేదా అంతకంటే ఎక్కువ గ్రంథుల్లో క్యాన్సర్ కనబడినా, రొమ్ము తీసిన తర్వాత కూడా రేడియేషన్ ఇస్తారు. ఒకటి నుంచి మూడు గ్రంథుల్లో ఉన్నా చాలామందికి సలహా ఇస్తారు. మన దగ్గర గడ్డ పెద్దదయ్యాకే డాక్టర్ దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి, రేడియేషన్ తప్పించుకోడానికని రొమ్ము వదులుకుని చివరికి రేడియేషనూ పెట్టించుకున్నవాళ్లు తక్కువేం కాదు. సర్జన్ ఒక్కరి మాటతో కాకుండా, ఆపరేషన్‌కు ముందే రేడియేషన్ డాక్టర్‌కు రిపోర్టులు చూపించమనేది అందుకే.

నిజంగానే రోజూ వెళ్లలేని పరిస్థితి ఉంటే, మొత్తం తీయించుకోవడం తెలివైన నిర్ణయమే, అందులో చిన్నతనం ఏమీ లేదు. వయసు 65-70 దాటి, గడ్డ చిన్నదై, హార్మోన్లతో పెరిగే రకానిదై, చంక శుభ్రంగా ఉన్నవాళ్లలో కొందరికి మాత్రం గడ్డ తీసి, రేడియేషన్ లేకుండా అయిదేళ్లు హార్మోన్‌ను అడ్డుకునే మాత్రలతో నడిపించవచ్చు.

ఎవరికి మొత్తం తీయక తప్పదు

ఒకే రొమ్ములో వేర్వేరు మూలల్లో గడ్డలున్నప్పుడు, మామోగ్రామ్‌లో (రొమ్ము ఎక్స్‌రే) రొమ్మంతా అనుమానాస్పద సున్నపు చుక్కలు పరుచుకుని ఉన్నప్పుడు, రొమ్ము సైజుతో పోలిస్తే గడ్డ మరీ పెద్దదై కీమోతో కూడా తగ్గనప్పుడు, చర్మమంతా ఎర్రగా వాచి నారింజ తొక్కలా మారే ఇన్‌ఫ్లమేటరీ రకం వచ్చినప్పుడు, అంతకుముందే ఆ ఛాతీకి రేడియేషన్ ఇచ్చి ఉన్నప్పుడు గడ్డ వరకు తీసే దారి సాధారణంగా మూసుకుపోతుంది. తొలి నెలల గర్భంతో ఉన్నవాళ్లకు రేడియేషన్ ఇవ్వలేరు కాబట్టి వాళ్లకూ కష్టమే. గడ్డ తీసినప్పుడు అంచుల మీద క్యాన్సర్ కణాలు కనబడితే ఇంకోసారి కోయాల్సి వస్తుంది. దీన్ని డాక్టర్ తప్పు అనుకోకూడదు, ఈ పద్ధతిలో కొందరికి ఉండే అవకాశమే అది. రెండోసారి కూడా అంచులు శుభ్రంగా రాకపోతే అప్పుడు మొత్తం తీస్తారు.

ముందు కీమో అంటే చేయి దాటినట్టా?

ఆపరేషన్ చేయకుండా కీమో మొదలుపెడుతున్నారంటే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది, కేసు చేతులు దాటిపోయిందేమో, చేయడం చేతకాక ఇలా అంటున్నారేమో అని. చాలాసార్లు సంగతి వేరే ఉంటుంది. గడ్డ ముక్క మీద మూడు పరీక్షలు చేస్తారు, ఈస్ట్రోజన్ రిసెప్టర్, ప్రొజెస్టిరాన్ రిసెప్టర్ (గడ్డ ఆ హార్మోన్లతో పెరిగేదా అన్నది చెప్పేవి), హెర్-2 (గడ్డను వేగంగా పెంచే ఒక ప్రోటీన్). ఈ మూడూ లేని ట్రిపుల్ నెగటివ్ రకం గానీ, హెర్-2 పాజిటివ్ రకం గానీ అయి, గడ్డ 2 సెంటీమీటర్లు దాటినా, చంకలోకి వచ్చినా ముందు కీమో ఇవ్వడమే ఇప్పుడు పద్ధతి. ముందు ఇచ్చినా తర్వాత ఇచ్చినా ఆయుష్షులో తేడా లేదని పాత ట్రయల్స్‌లోనే తేలింది. అయినా ముందే ఇవ్వడంలో రెండు లాభాలున్నాయి. గడ్డ చిన్నదైతే రొమ్ము నిలబెట్టుకునే అవకాశం వస్తుంది. రెండోది ఇంకా విలువైనది, మందు ఆ గడ్డ మీద పనిచేస్తోందా లేదా అన్నది కళ్లముందే తెలుస్తుంది. కీమో అయ్యాక తీసిన ముక్కలో క్యాన్సర్ ఇంకా మిగిలి ఉంటే తర్వాత మందు మారుస్తారు, ట్రిపుల్ నెగటివ్‌లో కాపెసిటబైన్ మాత్రలు, హెర్-2 రకంలో వేరే ఇంజెక్షన్లు లాంటివి. ఆదరాబాదరాగా ముందే ఆపరేషన్ చేయించేస్తే ఈ సమాచారం ఇక ఎప్పటికీ దొరకదు.

ఇలా ముందు కీమో తీసుకునేవాళ్లకు గడ్డలో చిన్న లోహపు క్లిప్పు పెడతారు. మందుకు గడ్డ పూర్తిగా కరిగిపోతే ఎక్కడ కోయాలో సర్జన్‌కు ఆనవాలు ఉండదు కదా, అందుకు. రొమ్ము నిలబెట్టుకోవాలనుకునేవాళ్లు కీమో మొదలుకాకముందే దీని గురించి అడగాలి.

దీనికి పూర్తి వ్యతిరేకంగా జరిగేది ఇంకోటి ఉంది, అది చాలా నష్టం చేస్తుంది. ఊళ్లో ఏదో ఒక నర్సింగ్ హోమ్‌లో "చిన్న గడ్డే, తీసేస్తే పోతుంది" అని ముక్క పరీక్ష లేకుండానే కోసేయడం. తీసినదాన్ని వెంటనే ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే ద్రవం) వేయకపోతే, లేదా ఏ సెలైన్ సీసాలోనో పెట్టి ల్యాబ్‌కు పంపితే హార్మోన్, హెర్-2 పరీక్షల ఫలితాలు నమ్మలేనివిగా మారొచ్చు. అంచులు ఎక్కడున్నాయో తెలియదు. తర్వాత వచ్చే సర్జన్ అంచనా మీద పని చేయాల్సి వస్తుంది. మరోవైపు, సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందని ముక్క పరీక్షకే భయపడేవాళ్లూ ఉన్నారు. ఆ పరీక్ష వల్ల ఆయుష్షు తగ్గుతుందన్నదానికి ఆధారం లేదు, అది లేకుండా కోయడం వల్ల జరిగే నష్టం మాత్రం ఖాయం.

చంకలో ఎంత తీస్తారు?

రొమ్ము గురించి గంటలు మాట్లాడుకునే ఇళ్లలో చంక గురించి ఒక్క మాటా రాదు. కానీ ఆదోని చుట్టుపక్కల పత్తి తీసే మనిషికైనా, బిందె ఎత్తే మనిషికైనా, మిషను కుట్టే మనిషికైనా ఆపరేషన్ తర్వాత పదేళ్లు గుర్తుచేసేది చేయి. చంకలోని లింఫ్ గ్రంథులన్నీ తీస్తే చేతి నుంచి నీరు వెనక్కి వెళ్లే దారి దెబ్బతింటుంది, చేయి వాస్తుంది, కొందరికి ఆ వాపు శాశ్వతంగా ఉండిపోతుంది. పూర్తిగా తీసినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఈ వాపు వస్తుంది. మొదటి కొన్ని గ్రంథులు మాత్రమే తీసి చూసినవాళ్లలో ఇది ఇరవై మందిలో ఒకరి దగ్గర ఉంటుంది.

ఆ మొదటి గ్రంథులను కనిపెట్టే పద్ధతే సెంటినెల్ నోడ్ బయాప్సీ. రొమ్ములో నీలం రంగు గానీ, కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం గానీ ఎక్కిస్తే అది ముందుగా ఏ గ్రంథులకు చేరుతుందో చూసి, వాటినే తీసి పరీక్షిస్తారు. అవి శుభ్రంగా ఉంటే మిగతావి ముట్టుకోరు. ఒకటి రెండు గ్రంథుల్లో కొద్దిగా కనబడినా, గడ్డ వరకు తీసి రొమ్ముకంతా రేడియేషన్ ఇచ్చేవాళ్లకు మిగతావి తీయాల్సిన పనిలేదని అమెరికాలో జరిగిన ట్రయల్ పదేళ్ల ఫలితాలు 2017లో చూపించాయి. ఐసోటోప్ (ఆ రేడియోధార్మిక పదార్థం) సౌకర్యం లేని చోట్ల కోసం ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి చంక కింది భాగంలోని గ్రంథులను మాత్రమే తీసి పరీక్షించే పద్ధతిని అభివృద్ధి చేసింది, దానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. 2 సెంటీమీటర్లు మించని గడ్డతో, స్కానింగ్‌లో చంక శుభ్రంగా ఉన్న కొందరికి చంకను అసలు ముట్టుకోకపోయినా పర్వాలేదని 2023లో ఇటలీ నుంచి వచ్చిన ట్రయల్ చెబుతోంది. చంకలో చేతికి తగిలేంత గడ్డలుండి, సూది పరీక్షలో క్యాన్సర్ అని తేలితే మాత్రం లెక్క మారుతుంది, అప్పుడు మొత్తం తీయడం చాలామందికి అవసరమే. కీమోకు అవి పూర్తిగా తగ్గితే అక్కడ కూడా తక్కువతో సరిపెట్టే వీలు కొందరికి ఉంటుంది.

ఆపరేషన్ అయినాక "ఆ చేత్తో పనే చేయకూడదు" అని కొందరు జీవితాంతం చేయి కట్టేసుకుంటారు. మొదటి వారాల్లో జాగ్రత్త అవసరం, గాయంలో చేరే నీరు బయటికి పోవడానికి పెట్టిన డ్రెయిన్ గొట్టం ఉన్నన్నాళ్లు మరీ. ఆ తర్వాత భుజం వ్యాయామాలు చేయకపోతేనే చేయి బిగుసుకుపోతుంది. బరువులు మెల్లగా పెంచుకుంటూ ఎత్తితే వాపు పెరగదని 2009 నాటికే పరిశోధనలో తేలింది. గాయాలు, కాలడం, చీము పట్టడం నుంచి చేతిని కాపాడుకోవడం ముఖ్యం.

రెండో రొమ్ము, మళ్లీ ఆకారం

భయంతో రెండోది కూడా తీసేయమని అడిగేవాళ్లున్నారు. రొమ్ము క్యాన్సర్ ముప్పును బాగా పెంచే బీఆర్‌సీఏ జన్యువు లోపం లేకపోతే, రెండోది తీసినందువల్ల ఆయుష్షు పెరుగుతుందని తేలలేదు. ఆ లోపం ఉంటే సంగతి వేరు, రక్త పరీక్షతో తెలుస్తుంది, చిన్న వయసులో వచ్చినవాళ్లు, ట్రిపుల్ నెగటివ్ రకం వాళ్లు, అమ్మకో చెల్లికో ఇదే జబ్బు ఉన్నవాళ్లు అడగాలి.

రొమ్ము ఆకారం తిరిగి కట్టడం వీపు లేదా పొట్ట కండతో గానీ, సిలికాన్ ఇంప్లాంట్‌తో గానీ చేస్తారు, అప్పుడే చేయొచ్చు, తర్వాతైనా చేయొచ్చు. రేడియేషన్ ఉంటే ఇంప్లాంట్‌తో ఇబ్బందులు ఎక్కువ. ఏదీ వద్దనుకుంటే లోదుస్తుల్లో పెట్టుకునే సిలికాన్ లేదా నూలు రొమ్ములు దొరుకుతాయి.

నాలుగో దశలో

ఎముకలకో, ఊపిరితిత్తులకో, కాలేయానికో పాకిన తర్వాత రొమ్ము తీస్తే ఆయుష్షు పెరుగుతుందా అన్నది టాటా మెమోరియల్‌లోనే ట్రయల్ చేసి చూశారు, 2015లో ఫలితాలు వచ్చాయి, పెరగలేదు. అక్కడ ప్రధాన వైద్యం మందులే. పుండు పడి రక్తం కారుతుంటే ఉపశమనం కోసం ఆపరేషన్ చేయొచ్చు. "డాక్టర్లు ఆపరేషన్ చేయనంటున్నారు" అని ఆసుపత్రి తర్వాత ఆసుపత్రి తిరుగుతూ, ఎవరో ఒకరు చేస్తామనేదాకా తిప్పడం వల్ల ఈలోగా మందులు ఆలస్యమవుతాయి.

టైమ్ ఎంత ఉంది, కాగితాలు ఏవి కావాలి

రెండు మూడు వారాలు రిపోర్టులకూ, రెండో డాక్టర్ అభిప్రాయానికీ పడితే కొంప మునగదు. అంతకుమించి సాగితే మునుగుతుంది. 2020లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన పెద్ద విశ్లేషణ ప్రకారం రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ ప్రతి నాలుగు వారాల ఆలస్యానికీ మరణించే ముప్పు సుమారు 8 శాతం చొప్పున పెరుగుతుంది. శనక్కాయలు పీకాక చూద్దాం, కూతురి పెళ్లయ్యాక చూద్దాం, ఈలోపు పసరు మందు వాడదాం అన్నవన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైన తొలి మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి, ఇప్పుడు పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతుంది గానీ పద్ధతి అదే, నెట్‌వర్క్ ఆసుపత్రిలో ముందు అప్రూవల్ వచ్చాకే నగదు లేకుండా వైద్యం. ఆపరేషన్, కీమో, రేడియేషన్ వేర్వేరు ప్యాకేజీలు. ఆపరేషన్ చేసే ఆసుపత్రిలో రేడియేషన్ యంత్రం లేకపోతే ఆ భాగానికి ఇంకో నెట్‌వర్క్ ఆసుపత్రికి వెళ్లాలి, అది ఎక్కడ, అక్కడ లైన్ ఎంత ఉంది అన్నది ఆపరేషన్‌కు ముందే హెల్ప్ డెస్క్‌లో కనుక్కోవడం మేలు. రాష్ట్రం బయట కూడా కొన్ని ఆసుపత్రులు పథకంలో ఉన్నాయి, బెంగళూరులో కనబడిన ప్రతి పెద్ద ఆసుపత్రీ ఉండదు.

డిశ్చార్జ్ రోజు బిల్లు, మందుల చీటీ తీసుకుని వచ్చేస్తారు. తీసుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి: గడ్డ సైజు, అంచులు, ఎన్ని గ్రంథులు చూశారు, వాటిలో ఎన్నింట్లో క్యాన్సర్ ఉంది, మూడు రిసెప్టర్ల ఫలితం రాసి ఉన్న పూర్తి పాథాలజీ రిపోర్టు, దాంతో పాటు ముక్కను మైనంలో భద్రపరిచిన బ్లాకులు, గాజు స్లైడులు. ఇవి ల్యాబ్‌లో అడిగి తీసుకోవచ్చు, అరచేతిలో పట్టేంత ఉంటాయి. ఇవి ఉంటే హైదరాబాద్‌కో వేలూరుకో రోగిని తీసుకెళ్లకుండా ఇంట్లోవాళ్లలో ఒకరు వెళ్లినా పరీక్షలు మళ్లీ చేయించవచ్చు, ఇంకోసారి ముక్క తీయాల్సిన పని సాధారణంగా ఉండదు.